హబీబున్నీసా మేడం ఇంపోజిషన్

సిద్దిపేటలో హబీబున్నీసా మేడం నోట్సు తెలియదంటే ఆ మనిషి బైపీసీ చదవనట్టే లెక్క. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతోంది. ఆమె చెప్పిన నోట్సు బస్టాండు దగ్గర అన్సార్ జిరాక్సు దుకాణంలో పుస్తకంలా కుట్టి దొరుకుతుంది. ఆమె దర్జీ కూతురు, వాళ్ల గల్లీలో డిగ్రీ చేసిన మొదటి ఆడపిల్ల. 'మేడం నోట్సులో ఉంది' అంటే ఇక వాదన ఉండదు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. పైకి ఒప్పుకోదు గానీ ప్రాణమే.

ఆమె క్లాసులో ఒక చట్టం ఉంది. తప్పు రాసినవాళ్లు సరైన వాక్యాన్ని పదిసార్లు రాసి తేవాలి. ఆఫీసరు కొడుకైనా, కల్లు గీసేవాడి కొడుకైనా పదంటే పదే. తొమ్మిది రాసి పేజీ తిప్పేసే గడుగ్గాయిలను ఆమె ఇట్టే పట్టేస్తుంది.

ఈ ఏడు ఆ వంతు నవనీతకు వచ్చింది. దుబ్బాక నుంచి రోజూ బస్సులో వచ్చే మగ్గాలవాళ్ల పిల్ల. బ్యాక్టీరియా డీఎన్‌ఏను ప్రోటీన్లు పట్టుకుని, వంచి, చుట్టి పెడతాయని పరీక్షలో రాసింది. మేడం నోట్సులో మాత్రం 'బ్యాక్టీరియా డీఎన్‌ఏకు ప్రోటీన్లు ఉండవు' అని ఉంది. ఎర్ర పెన్ను ఆగలేదు, సున్నా పడింది. నవనీత మర్నాడు పదిసార్లు రాసి తెచ్చింది. దాంతోపాటు ఒక లావుపాటి పుస్తకం కూడా బల్ల మీద పెట్టింది. ములుగులో హార్టికల్చర్ చదివే వాళ్ల అక్కదట.

"గిది సదివి రాసినవా?" అని మేడం అడిగింది.

"సదివిన మేడం. గని సదవకముందే నాకు అనుమానమొచ్చింది. మా అవ్వ కండెలు సుడుతది. సుట్టెటోళ్లు లేకుంట గంత నూలు గంత సిన్న కండె మీదికి ఎట్లొస్తది?"

మేడం ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయింది.

ఆదివారమంతా దాంతోనే గడిచింది. బ్యాక్టీరియా డీఎన్‌ఏను సాగదీస్తే అది ఆ జీవి ఒంటికి దాదాపు వెయ్యి రెట్లు పొడవు. హెచ్‌యూ అనే చిన్న ప్రోటీన్ దాన్ని అక్కడక్కడ వంచుతుంది. హెచ్-ఎన్ఎస్ అనేది దూరంగా ఉన్న రెండు పోగులను దగ్గరికి తెచ్చి పట్టుకుంటుంది, అవసరం లేని జన్యువుల నోరు మూయిస్తుంది. తిండి దొరకని రోజుల్లో డీపీఎస్ వచ్చి మొత్తాన్ని గట్టిగా దగ్గరికి చేర్చి కాపాడుతుంది. మన కణాల్లో ఈ పని చేసే హిస్టోన్లు అక్కడ మామూలుగా ఉండవు, అంతవరకు నిజమే. కానీ హిస్టోన్లు లేవని అసలు ప్రోటీన్లే లేవనేసింది ఆమె, వంటమనిషి లేడని ఆ ఇంట్లో వంటే లేదన్నట్టు.

ఇన్నేళ్లూ బోర్డు మీద బ్యాక్టీరియా కణం, అందులో చిక్కుపడ్డ నూలులా డీఎన్‌ఏ బొమ్మ వేస్తూనే ఉంది. అంత పొడవు అందులో ఎలా ఇమిడిందని ఒక్కసారి కూడా తనను తాను అడగలేదు. సిగ్గేసింది. తప్పించుకునే దారి లేకపోలేదు. నా ఉద్దేశం హిస్టోన్లే అంటే సరిపోతుంది, కాదనేవాళ్లు లేరు. చాయ్ చల్లారిపోయేదాకా ఆ దారి వైపే చూస్తూ కూర్చుంది. చివరికి దర్జీ పని చేసిన అబ్బా మాట గుర్తొచ్చింది. కుట్టు తప్పితే ఇస్త్రీతో దాచొద్దు, విప్పి కుట్టాలి అనేవాడు ఆయన.

సోమవారం పొద్దున్నే అన్సార్ దుకాణానికి పోయి, అసలు ప్రతిలో ఆ వాక్యం కొట్టేసి కొత్తది రాసింది. ఇప్పటిదాకా అమ్ముడుపోయిన వాటి సంగతేమిటని అతను అడిగాడు. ఆ మాట ఆమెను ఇప్పటికీ బాధపెడుతుంది.

క్లాసుకు వచ్చి, తప్పు తనదేనని అందరి ముందూ చెప్పింది. నవనీత సున్నా కొట్టేసి మార్కులు వేసింది. తర్వాత సంచిలోంచి తాను రాసి తెచ్చిన కాగితం, ఎర్ర పెన్ను తీసి ఆ పిల్ల ముందు పెట్టింది.

"పది ఉన్నయ్. దిద్దు" అంది.

'బ్యాక్టీరియా డీఎన్‌ఏకు ప్రోటీన్లు ఉంటాయి.' నవనీత ఒక్కో వాక్యం పక్కన టిక్కు పెడుతూ పోయి ఏడోదాని దగ్గర ఆగింది. కాగితం చూసింది, మేడం ముఖం చూసింది.

"ఏడోదాంట్ల మళ్ల ఉండవు అని రాసిన్రు మేడం" అంది మెల్లగా.

మేడం వంగి చూసింది. నిజమే. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు, చేయి తన దారిన తాను రాసేసింది. ఆమె తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని, మొదటి బెంచీలో నవనీతను కాస్త జరగమని, పక్కన కూర్చుని మళ్లీ ఒకటో నంబరు వేసింది.