చేతులు కట్టుకున్న మేడంగారు

రాజోలులో దిగి ప్రసన్నగారి బడి ఎక్కడండీ అని అడిగితే సగం మంది నోరెళ్ళబెడతారు. చేతులు కట్టుకున్న మేడంగారి బడి అని అడగండి, ఆటో అబ్బాయి మారుమాట లేకుండా గుమ్మం ముందు దింపుతాడు. మొదట్లో ఎకసెక్కానికి పెట్టిన పేరది. తర్వాత అదే స్థిరపడిపోయింది. ఆవిడ కూడా ఆ పేరుకే పలకడం మొదలెట్టింది, ఏం చేస్తుంది మరి.

ఎందుకలా అంటారా? మా కోనసీమ మనుషుల సంగతి తెలిసిందే కదండీ. ఎదుటి మనిషి గ్లాసు ఖాళీ అయ్యేలోపే మన చెయ్యి చెంబు మీదుంటుంది. వద్దు మొర్రో అన్నా ఇంకో గరిటె వడ్డించందే మనకి నిద్రపట్టదు. అలాంటి చోట, మూడేళ్ళ పిల్ల జగ్గు ఎత్తి సగం నేలపాలు చేస్తూ నీళ్ళు పోసుకుంటుంటే, ప్రసన్న పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. అందుకోదు. అయ్యయ్యో అనదు. ఒలికాక గుడ్డ ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. చూసినవాళ్ళకి ఒళ్ళు మండదూ? ఫీజు పుచ్చుకుని ఊరికే నిలబడ్డానికి ఈవిడెందుకండీ అని ఒక నాయనమ్మగారు మొహం మీదే అడిగేశారు.

ఆ నాయనమ్మగారికి తెలియని సంగతి ఒకటుంది. సాయానికి ఎగబడే చెయ్యి అందరికంటే ప్రసన్నదే. కట్టుకోకపోతే అది ఆగదు. అందుకే కట్టుకుంది.

ఆవిడ పుట్టింది రాజోలు పక్క పల్లెలోనే. తాతలు కూలికెళ్ళినవాళ్ళు, నాన్న సాల్మన్ మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పినాయన. ఇంటరు అయ్యాక ప్రసన్న కువైట్ వెళ్ళింది, ఓ ఇంట్లో చంటిపిల్లని చూసుకునే పనికి. ఆ పిల్ల కాస్త పెద్దదయ్యాక పొద్దున్నే బళ్ళో దింపి, వదిలేదాకా అక్కడే బెంచీ మీద కూర్చునేది. క్లాసు గదికి అద్దాల గోడ. లోపల అరుపుల్లేవు, బెత్తం లేదు, పంతులమ్మ ఏ మూలుందో వెతుక్కోవాలి. ఇంట్లో చెంచా కూడా పట్టనివ్వని ఆ పిల్ల అక్కడ గాజు జగ్గు రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. బెంచీ మీద ప్రసన్నకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తనని చిన్నప్పుడు ఎవరూ గాజు వస్తువు పట్టుకోనివ్వలేదు, పగలగొట్టేస్తావే అనేవారు. నమ్మి చేతిలో పెడితే పిల్లలు పగలగొట్టరని ఆ రోజే తెలిసింది ఆవిడకి. ఆ బళ్ళోనే సహాయ టీచరుగా చేరి, తిరిగొచ్చాక చెన్నైలో ఆ బడి పద్ధతి చదువంతా నేర్చుకుని, పిన్నిగారి పెంకుటింట్లో బడి పెట్టింది.

మాంటిసోరీ అని బోర్డు కట్టగానే జనం విరగబడ్డారు. ఆహా, మనవాళ్ళకి ఎంత తెలుసు అని మురిసిపోయింది పాపం. మా వైపు మాంటిసోరీ అంటే ఏమిటో ఆవిడ మర్చిపోయింది. మాంటిసోరీ అంటే టై, బెల్టు, నల్ల బూట్లు, ఇంగ్లీషు రైమ్సు. అవి ఉన్న ప్రతి బడీ మాంటిసోరీయే. వచ్చినవాళ్ళు వేసిన మొదటి ప్రశ్న, టై ఏ రంగండీ అని. టై లేదండీ అంటే, పోనీ బెల్టో అన్నారు. బెల్టు లేదు, హోంవర్కు లేదు, ర్యాంకు లేదు, మూడేళ్ళవాళ్ళూ ఆరేళ్ళవాళ్ళూ ఒకే గది అని ఆవిడ చెప్పుకుంటూ పోతుంటే, వీళ్ళు పిల్లల్ని చంకనేసుకుని లేచిపోయేరు. పేరు మాంటిసోరీ అని పెట్టి జనాన్ని మోసం చెయ్యకూడదండీ అని ఒకాయన హితవు కూడా చెప్పి వెళ్ళేడు.

వెళ్ళకుండా మిగిలిన కొద్దిమందిలో మేరీ ఒకర్తి. ఆవిడ మిగలడానికి గొప్ప కారణమేం లేదు, ఇల్లు దగ్గర. మొగుడు యేసురత్నం ఖతార్‌లో గ్యాసు ప్లాంటులో పని. ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న పిల్ల శారోన్. ఇందాక చెప్పిన నాయనమ్మగారు ఈ పిల్ల నాయనమ్మే.

శారోన్‌కి అప్పటికి అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టాలి. చెప్పులు వేరేవాళ్ళు తొడగాలి. అలాంటి పిల్ల నెలలు గడిచేసరికి తన తుంగచాప తనే పరుచుకుని, పని అయ్యాక గుండ్రంగా చుట్టి మూల పెట్టేది. గరుక్కాగితంతో అంటించిన అక్షరాల మీద వేలు తిప్పుతూ తిప్పుతూ ఒకరోజు ఇంటి అరుగు మీద సుద్దతో ‘అమ్మ’ అని రాసేసింది. ఎవరు నేర్పేరే అంటే, ఎవరూ లేదండీ, వచ్చేసింది అంది. పూసల దండలు పక్కపక్కన పేర్చి వందలూ వేలూ కూడేది. తప్పొస్తే పూసలే చెప్పేవి, టీచరు చెప్పక్కర్లేదు.

కాస్త ఎదిగాక పిల్లలకి ప్రశ్నల రోగం పట్టుకుంది. ఆ వయసు అంతేనంటుంది ప్రసన్న, చేతులకి పని దొరికింది, ఇప్పుడు బుర్రకి లోకమంతా కావాలి. సఖినేటిపల్లి రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు తిన్నగా కాకుండా ఏటవాలుగా ఎందుకు పోతుంది అని గొడవ వస్తే, పిల్లలే పెద్దవాళ్ళ చేత రేవుకి ఫోను చేయించి వేళలు కనుక్కుని, పెరుగన్నం మూటలు కట్టుకుని, వెళ్ళి పంటు నడిపే ఆయన్నే అడిగొచ్చేరు. ప్రసన్న వెంట వెళ్ళింది గానీ నోరు మెదపలేదు. వసిష్ఠ గోదావరి మధ్యలో గాలి వేస్తుంటే శారోన్ ఆయనతో ప్రవాహం గురించి పెద్దమనిషిలా మాట్లాడ్డం చూసి ఆవిడ కడుపు నిండిపోయింది.

పన్నెండు దాటాక మళ్ళీ వేరే మనుషులవుతారు. మొటిమలు, అలకలు, తలుపులు దబాలున వెయ్యడాలు. ఆ ఈడులో పిల్లల బెంగ ఒక్కటేనని ప్రసన్న నేర్చుకున్న చదువు చెబుతుంది: పెద్దవాళ్ళ లోకంలో నేను దేనికైనా పనికొస్తానా అని. ఆ బెంగ తీరాలంటే పాఠాలతోపాటు నిజమైన పని చేతిలో పెట్టాలి, ఉత్తుత్తి పని కాదు. అందుకని పెద్ద క్లాసు పిల్లలు శనివారం పొద్దున బడి అరుగు మీద టిఫిను పెడతారు. పొట్టిక్కలు. పనసాకులు కలిపి ఈనెపుల్లల్తో గుచ్చి, ఆ బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే వచ్చే ఘుమఘుమ మీకు కొత్తగా చెప్పాలా. ఆకులు గుచ్చేది చిన్న క్లాసువాళ్ళు, పిండి రుబ్బేది, వండేది, వడ్డించేది పెద్దవాళ్ళు. శారోన్ వాళ్ళందరికీ పెద్ద.

ఇదిగో, అంతా ఇంత బాగా నడుస్తున్న వేళ యేసురత్నం క్రిస్మస్ సెలవుకి వచ్చేడు. వస్తూనే చెప్పేడు, శారోన్‌కి విజయవాడ హాస్టల్లో సీటు మాట్లాడేశానని. కోపంగా కాదు, చాలా మర్యాదగా చెప్పేడు. కూతురు పొట్టిక్కలు అమ్ముతోందని ఫోనులో విన్నప్పుడల్లా అక్కడ ఆయనకి అన్నం సయించలేదుట. తాటిపాక రిఫైనరీలో కాంట్రాక్టు కూలీగా మొదలెట్టి ఫోర్‌మన్ దాకా వచ్చిన మనిషి, పిల్ల మళ్ళీ కాయకష్టంలోకి జారిపోతుందేమోనని భయం. ఆ భయంలో తప్పేముంది? తప్పు లేదని ప్రసన్నకీ తెలుసు. పైగా యేసురత్నం అంటే పేటలో గురి. ఆయన పిల్లని తీస్తే మిగతావాళ్ళూ తీస్తారు, పెద్ద క్లాసు గది ఖాళీ అయిపోతుంది. వేళ్ళ దాకా నీళ్ళు పోసి పెంచిన చెట్టుని కాపుకొచ్చే వేళ కొట్టేస్తామంటే ఎలా ఉంటుంది, అలా ఉంది ఆవిడకి.

శారోన్ ఏడవలేదు. ఒక్క శనివారం మాతో ఉండండి నాన్నగారూ, తర్వాత మీ ఇష్టం అంది. ఆయన సరేనన్నాడు.

ఆ శనివారం తెల్లవారకుండానే ప్రసన్న లేచి వంటసాలలోకెళ్ళి పిండి గిన్నె మూత తీసింది. రాత్రి చలికి పిండి పొంగలేదు, పోసింది పోసినట్టే ఉంది. అది ఆవిరి మీద పెడితే పొట్టిక్కలు రావు, రాళ్ళొస్తాయి. పండక్కొచ్చిన చుట్టాలతో ఊరంతా కళకళలాడుతోంది, మామూలు శనివారం కంటే ఎక్కువ జనం వస్తారు. అందరి ముందూ, ఆ తండ్రి ముందూ పిల్లల పరువు పోతుంది. ఎదురింటి అన్నపూర్ణగారింట్లో ఎప్పుడూ పొంగిన పిండి ఉంటుంది. ఒక్క కేక వేస్తే గిన్నెడు పంపిస్తారు. పిల్లలు వచ్చేలోపు గిన్నెలు మార్చేస్తే చాలు, కాకికి కూడా తెలీదు.

ప్రసన్న వీధి గుమ్మం దాకా నడిచింది. నిలబడింది. ఈ ఒక్కసారికీ అనుకుంది. అంతలోనే సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నేళ్ళూ జగ్గు దగ్గర కట్టుకున్న చేతులు ఇవాళ విప్పితే, ఆ పిల్లని నమ్మింది ఒట్టిమాటే కదా. వెనక్కొచ్చి మూత యథాప్రకారం పెట్టేసింది. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక మణికట్టు రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

పిల్లలు వచ్చేరు. తండ్రి కూడా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శారోన్ మూత తీసింది. మొహం పాలిపోయింది. తలెత్తి టీచరు వైపు చూసింది. ప్రసన్న కదల్లేదు.

యేసురత్నానికి విషయం అర్థమైంది. "మేడంగారండీ, పిల్ల మీకేసి చూస్తోంది. ఏదో ఒకటి చెప్పండి."

"అది ఆ అమ్మాయి పని అన్నయ్యగారండీ. నాది కాదు," అంది ప్రసన్న.

శారోన్ వేలు పిండిలో ముంచి వాసన చూసింది. తోటివాళ్ళని పిలిచి కాసేపు గుసగుసలాడింది. చలికి పులియలేదు, గిన్నె పొయ్యి పక్కన పెట్టుకోవాల్సింది, తప్పు మనదే అని ఒప్పేసుకుని, ఇనప మూకుళ్ళు పొయ్యిల మీదకెక్కించమంది. పొట్టిక్కలు రాకపోతే పోయె, ఇదే పిండితో దిబ్బరొట్టె వస్తుంది, దానికి పులియక్కర్లేదు. గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ తనే చెప్పింది, ఇవాళ పొట్టిక్కలు లేవండీ, పిండి పాడుచేసుకున్నాం, దిబ్బరొట్టె అయితే కాస్త ఆలస్యమవుతుందండీ అని. కొందరు వెళ్ళిపోయేరు. ఎక్కువమంది ఆ నిజానికే నవ్వేసి కూర్చున్నారు.

అంతలో చిన్న క్లాసు నిఖిత, నాలుగేళ్ళది, ఆకుబుట్ట పట్టుకుని వచ్చి, మరి నా బుట్టో అని పెదవి విరిచింది. శారోన్ ఒక్క క్షణం ఆలోచించి, రొట్టె ముక్కలు పళ్ళేల్లో కాదు, బుట్టల్లోనే పెడదామంది. అయితే రొట్టె ముక్కలకి బుట్టలు చాలవు. ఖాళీగా కూర్చున్నది ఒక్క తండ్రే. వెళ్ళి ఆయన ఒళ్ళో పనసాకులు, ఈనెపుల్లలు పోసింది.

ఎంతెంత పైపులో బిగించిన చెయ్యి. పనసాకు ముందు ఓడిపోయింది. మొదటిది చిరిగింది, రెండోదీ చిరిగింది. నిఖిత కిసుక్కున నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. శారోన్ దగ్గరకొచ్చింది. చెయ్యి ముందుకి చాపింది. ఆకుని తాకబోయి ఆగిపోయి, వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడింది.

యేసురత్నం తలెత్తేడు. ఎదురుగా కూతురు, ఆ వెనక గుమ్మంలో ప్రసన్న. ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. తల వంచుకుని, ఈసారి పుల్లని ఆకు ఈనె పక్కనుంచి మెల్లిగా దూర్చేడు. ఆకు చిరగలేదు. ఆ వంకర బుట్టని చూసుకుని ఆయన మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది.

జనం వెళ్ళేక ఆయన ఆ వంకర బుట్టని ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ప్లాంటులో ఏదైనా మొరాయిస్తే అందరూ ముందు పైవాడి మొహం చూస్తారండీ, చూడకుండా గిన్నెలో వేలుపెట్టే మనిషి కోసమే నేను వెతుక్కుంటూ ఉంటాను అన్నాడు ప్రసన్నతో. తర్వాత కూతుర్ని పిలిచి, హాస్టలుకి వెళ్తావా అని అడిగేడు. నిజంగానే అడిగేడు, చెప్పడం కాదు.

"మీరు పంపితే వెళ్తానండీ నాన్నగారూ. నన్నడిగితే మాత్రం పదో తరగతి పరీక్ష ఇక్కణ్ణుంచే రాస్తాను. ఆ పైన ఎక్కడికో అప్పుడు మనిద్దరం కూర్చుని చూసుకుందామండీ."

యేసురత్నం కూతురికేసి చూసేడు, ఒళ్ళో ఉన్న వంకర బుట్టకేసి చూసేడు.

"ఆయ్, అలాగే," అన్నాడు.

అప్పుడు విప్పింది ప్రసన్న చేతులు. మణికట్టు మీద వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని, మూకుట్లో మిగిలిన రొట్టె ముక్క తీసుకొచ్చింది. చాలండీ చాలండీ, కడుపు నిండిపోయింది అని ఆయన రెండు చేతులూ అడ్డం పెడుతుంటే, ఆ వేళ్ళ సందుల్లోంచే బుట్టలో వేసి, మీద ఇంత కొబ్బరి పచ్చడి కూడా వడ్డించింది.