ఒంటిచేత్తో పట్టుకునేది

మా ఆవిడ కిందటి నెల ఆఖరి సోమవారం మధ్యాహ్నం చనిపోయింది. డయాలసిస్ లేని రోజు. ఉదయం ఐదున్నరకే లేచింది. ఒక ఇడ్లీ తిని, రెండోది పక్కన పెట్టింది. తూర్పున మబ్బు పట్టిందని, కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పించి రమ్మని నన్ను పంపింది. తిరిగొచ్చేసరికి పదిన్నర. వరండాలో, నేను వెళ్ళేటప్పుడు కూర్చున్న కుర్చీలోనే ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. మంచినీళ్ళు అడిగింది. చిన్న గ్లాసుతో ఇచ్చాను. ఇంకో గుక్క అడిగింది. డాక్టరు చెప్పిన కొలత దాటుతుందని ఇవ్వలేదు. పన్నెండు దాటాక ఆయాసం మొదలైంది. ఆటో పిలిచాను. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద ఆమె తల బరువు మారింది. లోపల డాక్టరు చెప్పింది నాకు అప్పటికే తెలుసు.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఆమె ఇరవై రెండేళ్ళు పనిచేసింది. పాఠకుల కోసం నాలుగు మాటలు రాయమని అక్కడివాళ్ళు అడిగారు. మీరంతా ఆమెను లైబ్రరీ అమ్మగారు అనేవారు. నేను బీకాం చదివి వ్యవసాయంలోకి వచ్చినవాణ్ణి. రాయడం నా పని కాదు. తెలిసిందేదో చెబుతాను.

పుస్తకం చివరి పేజీ ముందే చదివేసేది. అదేం అలవాటని పెళ్ళయిన కొత్తలో అడిగాను. “ఎవరు పోతారో ముందే తెలిస్తే మిగతాది నిదానంగా చదువుకోవచ్చండీ” అంది. ఎంతవరకు చదివిందో గుర్తుకి బస్సు టికెట్టు పెట్టుకునేది. ఇప్పటికీ మా ఇంట్లో ఏ పుస్తకం తెరిచినా ఒకటి రాలుతుంది.

చివరి ఏడెనిమిదేళ్ళలో గ్రంథాలయానికి పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు తగ్గి, ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు పెరిగారు. ఏది కొనాలమ్మగారూ అని అడిగేవారు. ఫోనా, ట్యాబా, ఉత్త పుస్తకాలు చదవడానికే పనికొస్తుందట, ఆ ఈ-రీడరా? ఆమె వాటిని ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. నేను పొలం నుంచి వచ్చి గ్రంథాలయం అరుగు మీద కూర్చునేవాణ్ణి, ఇద్దరం కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళం. అలా కూర్చున్నప్పుడు విన్నవే నాకు తెలిసినవి.

ఒకసారి ఒక కౌలు రైతు వచ్చాడు. కూతురు ఇంటర్. పాఠాలు వినడానికి ఫోను చాలదంట, ట్యాబ్ కావాలంట. పిల్ల ఎక్కడ కూర్చుని చదువుతుందని ఈమె అడిగింది. బల్ల ఎక్కడిదండీ, మంచమ్మీద పడుకునే చదువుద్ది అన్నాడు. ఈమె లేచి, అట్ట బైండు చేసిన పాత వారపత్రికల సంపుటం ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“ఇది ఒంటిచేత్తో పట్టుకుని పావుగంట కూర్చో బాబాయ్.”

ఐదు నిమిషాలకే చెయ్యి మార్చాడు. పదో నిమిషంలో ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఏందమ్మగారూ, ట్యాబ్ అడిగినందుకు శిక్షా ఇది?” అన్నాడు. పేపరు చదువుకునేవాళ్ళంతా నవ్వారు. ముందు పిల్లకి బల్ల కొనమంది. బల్ల వచ్చాక ట్యాబ్ కొనమంది. అతను అలాగే చేశాడు.

ఇంకొకాయన, రిటైరైన మాస్టారు, వార్తలు చదవలేకపోతున్నానని పెద్దది కొనడానికి సిద్ధపడి వచ్చారు. ఆయన ఫోను తీసుకుని అక్షరాలు పెద్దవి చేసి తిరిగి ఇచ్చేసింది. ఆయన వెళ్ళాక నాతో అంది, సగం మందికి కావలసింది కొత్త వస్తువు కాదు, పెద్దక్షరాలు అని. అడగవచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పేది. “ఏది మంచిదని అడక్కు. రోజూ ఏ వేళప్పుడు, ఎక్కడ కూర్చుని, ఏ చేత్తో పట్టుకుంటావో చెప్పు.”

ఈ మాట నేను కొన్ని పదులసార్లు విన్నాను. నాకే పనికిరాలేదు.

రెండేళ్ళ కిందట కిడ్నీలు చెడ్డాయని తెలిసింది. మా వైపు ఇది చాలా ఇళ్ళల్లో ఉన్నదే. నిరుడు వానల ముందు డయాలసిస్ మొదలైంది. గుంటూరులో, మంగళ, గురు, శనివారాలు. మా ఊళ్ళో ఆరుంపావు బస్సు ఎక్కాలి. ఎడమచేతికి చిన్న ఆపరేషన్ చేసి నరం సిద్ధం చేశారు. దానికి రెండు సూదులు పెడతారు. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. మిగిలేది కుడిచెయ్యి ఒక్కటే.

మొదటి వారం గడిచాక బస్సులో అంది. “నాలుగు గంటలూ పైకప్పు చూస్తున్నానండీ. చదువుకోవడానికి ఏదన్నా ఆలోచించాలి.”

నేను ఆలోచించాను. ఆమెను అడగలేదు. ఆ గురువారమే, ఆమెను మంచం మీద వదిలి, బజారుకి వెళ్ళి పెద్ద ట్యాబ్ కొన్నాను. పేషంటుకని చెబితే, షాపతను వాటిల్లోకెల్లా పెద్దది తీశాడు. సినిమాలు చూస్తుంటే టైం పాసైపోద్ది సార్ అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. సూదులు తీసే వేళకి వెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను.

“బరువు చూశారా?” అంది.

బొమ్మ పెద్దగా కనిపిస్తుందని చెప్పాను.

“నేను బొమ్మలు చూస్తానని మీకెవరు చెప్పారు?”

కోపంగా అనలేదు. అద్దం మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపి చూసి, బాగుందండీ అని సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అది సంచిలో ఉండేది. సూదులు పెట్టడం అయ్యాక నేనే దాన్ని దిండుకి ఆనించి, ఏదో ఒక సినిమా పెట్టి వెళ్ళేవాణ్ణి. మిర్చి యార్డుకో, విత్తనాల కొట్టుకో, పురుగుమందుల షాపుకో. పంట ఉన్నవాడికి గుంటూరులో పనికేం తక్కువ. నాలుగు గంటలు నాకు ఇట్టే గడిచిపోయేవి.

సంక్రాంతి దాటాక ఒక పొరపాటు చేశాను. తొలి కోత కాయ కల్లంలో ఉంది. ఆ ఉదయం బస్సుకు ముందే కల్లానికి వెళ్ళి కాయ తిరగేసి, చేతులు తుడుచుకున్న తువ్వాలుతోనే వచ్చాను. ట్యాబ్ అద్దం మీద మరకలున్నాయని, నాకు తోచిన మర్యాదగా, ఆ తువ్వాలుతోనే శుభ్రంగా తుడిచి ఇచ్చి వెళ్ళాను. ఆమె అద్దం ముట్టుకుంది. ఆ వేలితోనే కన్ను తుడుచుకుంది. మిరపకారం ఎలా ఉంటుందో మన వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఎడమచెయ్యి కదపకూడదు. కుడిచేతికే కారం. లేచి కడుక్కునే వీలు లేదు. సిస్టర్ చూసి, ధైర్యంగా ఉండాలమ్మా, ఏడవకూడదు అందట.

“ఏడుపు కాదమ్మా. మా ఆయన తుడిచిన అద్దం.”

సిస్టర్ తడిగుడ్డ తెచ్చేలోపు రెండో కన్నూ ఎర్రబడింది. నేను తిరిగొచ్చేసరికి ఆ గదిలో అందరికీ ఈ మాట తెలిసిపోయింది. నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆమె కళ్ళు మూసుకునే కూర్చుంది. రెండు కనురెప్పలూ వాచిపోయాయి. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

అప్పుడైనా నాకు అర్థం కావలసింది. ట్యాబ్ ఎలా ఉందని అడిగితే, బాగుందనే అనేది. ఏ సినిమా చూశావని అడిగితే మీరు పెట్టిందే అనేది.

మార్చి మొదట్లో ఒక రోజు యార్డుకి సెలవని గుర్తులేక వెళ్ళి, మూసి ఉన్న గేటు చూసి వెనక్కి వచ్చాను. గంట కూడా కాలేదు. గదిలోకి వెళ్ళేసరికి ట్యాబ్ పక్క మంచం మీద ఉంది. అక్కడ చీరాల వైపు నుంచి వచ్చే నేత పనివాళ్ళ ఇంటావిడ సీరియల్ చూస్తోంది. మా ఆవిడ కుడిచేత్తో తన పాత ఫోను ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని చదువుకుంటోంది. అక్షరాలు పెద్దవి చేసుకుంది. వరసకి మూడు మాటలు పడుతున్నాయి. మూడు మాటలు చదివి, కిందికి జరిపి, మళ్ళీ మూడు మాటలు. అలా ఒక పెద్ద నవల సగం దాకా వచ్చింది.

పక్కావిడే ముందు మాట్లాడింది. “ఇది ఇన్నాళ్ళూ నా దగ్గరే సార్. మీరు మెట్లు దిగంగానే అక్క నాకిచ్చేది.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇన్ని నెలలూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె ఫోను ఛాతీ మీద బోర్లించింది.

“అది నా పక్కనుంటే మీరు గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూసేవారు కాదు. నిశ్చింతగా వెళ్ళేవారు. అందుకని.”

ట్యాబ్ ఆమె కోసం కొన్నానని అందరికీ చెప్పుకున్నాను. నా కోసమే కొన్నాను. ఆమెను ఒక బొమ్మకి అప్పగిస్తే నేను బయటపడవచ్చు. యంత్రం గుండా ఆమె రక్తం తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఆ సంగతి నాకంటే ముందు ఆమెకు తెలుసు.

ఆ రోజు మొదటిసారి, ఆమె అందరినీ అడిగే ప్రశ్న నేను ఆమెను అడిగాను. ఆలోచించుకోకుండా చెప్పింది. తేలిగ్గా ఉండాలి. వెలుతురు కళ్ళల్లోకి కొట్టకూడదు. కుడి బొటనవేలితో పేజీ తిరగాలి. సినిమాలు, ఫోన్లు అక్కర్లేదు. అంటే ఈ-రీడర్. దాంట్లో తెలుగు పుస్తకాలు తక్కువని, పాత పుస్తకాల ఫొటో పేజీలు పెడితే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయని కూడా తనే చెప్పింది. మరెలా అన్నాను. “ఉన్నవి చదువుకుంటాను. అన్నీ చదివినవాళ్ళెవరు?” అంది.

ఆర్డరు పెట్టిస్తే నాలుగు రోజుల్లో వచ్చింది. నలుపూ తెలుపూ, రంగుల్లేవు. చిన్నపిల్లల పలకంత. బరువు లేదు. మంచం మీద ఆమె దాన్ని కుడిచేత్తో పట్టుకుని, బొటనవేలు ఆనించింది. పేజీ తిరిగింది. ఇంకోసారి ఆనించింది. నా వైపు చూసింది.

“ముందే అడిగుంటే ఇదే చెప్పేదాన్ని.”

ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

దాంతో ఆరుసార్లు వెళ్ళింది. రెండు వారాలు. ఆ ఆరుసార్లూ నేను బయటికి వెళ్ళలేదనుకుంటారేమో. నాలుగుసార్లు వెళ్ళాను. కాయ అమ్మాల్సి వచ్చింది. రెండుసార్లు పక్కన కూర్చున్నాను. ఒకసారి చదువుతూ చదువుతూ నవ్వింది. ఎందుకని అడిగితే, చెబితే నవ్వు రాదు, మీరే చదవండి అంది. చదువుదాంలే అన్నాను.

ఆమె పోయాక దాన్ని తెరిచాను. ఆగిన పేజీ అడుగున అరవై రెండు శాతం అని ఉంది. ఏ చోట నవ్విందో వెతికాను. నాకు దొరకలేదు.

పెద్దకర్మ శనివారం వచ్చింది. డయాలసిస్ రోజు కనుక చీరాల ఆవిడ రాలేకపోయింది. ఫోన్ చేసింది. వెనక యంత్రం చప్పుడు వినిపిస్తోంది. అక్క మంచం ఖాళీగా ఉంది సార్ అని పెట్టేసింది.

ఇప్పుడు ఖాళీ లేదు. నిన్న సాయంత్రం సిస్టర్ ఫోన్ చేసింది. ఆ మంచం, ఆ వేళ ఇంకొకరికి ఇచ్చారట. మాచర్ల వైపు పత్తి రైతు. ముప్పై ఐదేళ్ళు కూడా లేవట. నాలుగు గంటలూ గోడవైపు చూస్తూ పడుకుంటున్నాడట. భార్య కంగారుపడి, ట్యాబ్ కొననా, ఫోను చాలా అని సిస్టర్‌ని అడిగిందట.

“అమ్మగారుంటే చెప్పేవారు సార్. మీకేమన్నా తెలుసా?”

ఈ-రీడర్ కొనమను అని నోటిదాకా వచ్చింది. ఆగాను. అతనికి చదవడం ఇష్టమేనా అని అడిగాను.

“ఏమో సార్. అతన్ని ఎవరూ అడగలేదు.”

రేపు గురువారం. ఉదయం ఆరుంపావు బస్సుకి వెళతాను. ఆమె ఫోను, ట్యాబ్, ఆ పలక మూడూ సంచిలో పెట్టుకుంటాను. సూదులు పెట్టడం అయ్యాక ఒక్కొక్కటే అతని కుడిచేతికి ఇస్తాను. ఏది మంచిదో నేను చెప్పను. అతనికి మూడూ అక్కర్లేకపోవచ్చు. గోడవైపు చూడటమే కావాలంటే అదీ సరే. అతను నోరు విప్పేదాకా, నాలుగు గంటలు పట్టినా, పక్కన స్టూలు మీద కూర్చుంటాను.