పట్టాలకు ఇవతల

నేను టెక్కలిలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక ఉద్దానంలోని ఈ ఊరికి వచ్చాను. హైస్కూల్లో సోషల్ చెబుతాను. పాఠంలో లేకపోయినా తొమ్మిదో తరగతికి ఏటా జంతువుల హద్దు చూపే ఒక గీత గురించి చెప్పేదాన్ని. ఇండోనేషియాలో పక్కపక్కనే రెండు దీవులు. నడుమ ఉన్నది సన్నని సముద్రమే గానీ బాగా లోతు. అందుకే ఒక దీవిలో పులులు తిరిగాయి, రెండో దీవికి ఏనాడూ చేరలేదు. మ్యాపు మీద ఎర్ర సుద్దతో ఆ గీత గీస్తుంటే నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మా అత్తకు జీడితోటలో అడుగుపెట్టే ముందు డబ్బా వాయించే అలవాటు. పాత నూనె డబ్బా, ఒక కర్ర. "వొత్తన్నానర్రోయ్" అని కేక కూడా పెట్టేది. మనిషి వస్తున్నట్టు ముందే తెలిస్తే ఎలుగుబంటి తప్పుకుపోతుందట. పొద్దున్నే ఆ మోత వీధి చివరిదాకా వినపడేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు మ్యాపు ముందు పెట్టి అత్తను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఎలుగులు ఉండేది మందస కొండల్లో. మధ్యలో హైవే ఉంది, రైలు పట్టాలున్నాయి. అవి దాటి సముద్రం వైపు రావు అన్నాను.

"మరి పక్కూరోల్లు సూసినారంట గదమ్మా?"

"ఏ కుక్కనో చూసి ఉంటారు, అత్తా."

జీడిపళ్లకు మరిగి ఎలుగులు ఎప్పుడో ఇటు వచ్చేశాయని, మొగలి పొదల్లో పిల్లల్ని పెట్టి ఇక్కడివే అయిపోయాయని ఊళ్లో మేకలు కాసేవాళ్లకైనా తెలుసు. నేను ఎవరినీ అడగలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నాకోసమే పుట్టిన మాట.

మర్నాటి నుంచి అత్త డబ్బా మానేసింది. సోంపేట సంతలో కూడా చెప్పిందట, "మా కోడలు పంతులమ్మ, మేపు సూసి సెప్పింది" అని.

ఆ వేసవిలో ఒక ఉదయం, రాలిన జీడిపిక్కలు ఏరడానికి అత్త చెట్టు కింద వంగింది. అవతలి వైపు ఎలుగు పళ్లు తింటోంది. ఒకరున్నట్టు ఒకరికి తెలియలేదు.

అత్తకు ఎడమ కన్ను పోయింది. దవడకు కుట్లు పడ్డాయి. ఆస్పత్రిలో నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఫారాలు నింపాను, మందులు తెచ్చాను, స్కూలుకు సెలవు చీటీ పంపాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల ఏమీ కదల్లేదు.

వారానికి అత్త కాస్త నోరు కదపగలిగింది. ఆరోజు కంచిలి నుంచి ఆడపడుచు వచ్చింది. మంచం పక్కన కూర్చుని వాళ్లమ్మను అడిగింది, "డబ్బా వోయించకుండా ఎందుకెల్లినావే అమ్మా?"

నేను గోడవారగా నిలబడి ఉన్నాను. నా పేరు చెబుతుందనే అనుకున్నాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

కట్టు వెనక నుంచి మాట ముద్దముద్దగా వచ్చింది. "ఇక్కడిది కాదే అది. కొండ మీంచి దారి తప్పి వొచ్చీసినాది. ఇటేపు ఎలుగులుండవు. కోడలు సెప్పినాది గదా."

ఆడపడుచు నా వైపు తిరిగింది. "ఔనా వదినా?"

ఔనన్నాను.