మేడమ్ మార్చిన ముగింపు

శుక్రవారం పొద్దున మేడమ్‌తో ఫోన్‌లో మాట్లాడాను. కొత్త నాటకంలో రెండో రంగం కుదరడం లేదని, ఒకసారి వచ్చి వినిపెట్టమని అడిగారు. మధ్యాహ్నం అరకు సంతలో అల్లం బేరమాడుతుంటే, ఆవిడ ఇంటి కింద కొట్టు నడిపే విజయనగరం ఆసామి ఫోన్ చేశాడు. “మేడంగారు పోయారమ్మా. కుర్చీలో కూకున్నట్టే ఉన్నారు. బేగి రా,” అన్నాడు.

“ఎక్కడికి పోయారు?” అని అడిగాను.

ఫోన్‌లో అతని ఎక్కిళ్లు వినిపించాయి. ఏడుస్తున్నాడని కాసేపటికి అర్థమైంది. కొన్ని గంటల క్రితం నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి లేరంటే ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

బయటివాళ్లకు ఆవిడ కవయిత్రి, నాటక రచయిత్రి, కొండల్లో కాలేజీలకు ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ కోస్తా నుంచి సీతంపేట వచ్చిన ఏడాదే నేను డిగ్రీలో చేరాను. చేరడానికి వెళితే అందరూ ఏ ఊరని అడుగుతారు. ఆవిడ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారని అడిగారు. సవర అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. మీ భాషలో వానని ఏమంటారని అడిగి, ఆ మాటను తప్పుగా పలికి, తనే నవ్వారు. నా సిగ్గు అక్కడే సగం పోయింది.

తన కవితలు మాకు చదివి వినిపించేటప్పుడు గొంతు పెంచేవారు కాదు. “పక్క ఊరికి కాదమ్మా, పక్కనున్న మనిషికి వినపడితే చాలు,” అనేవారు. రిహార్సల్‌లో మావైపు చూసేవారే కాదు. హాలు చివర గోడవైపు తిరిగి నిలబడి, మాటలు మాత్రం వినేవారు.

ఆ ఏడాది వార్షికోత్సవానికి ఆవిడ రాసిన నాటకంలో, రోడ్డులేని ఊరి నుంచి ఒక నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. ఆసుపత్రి చేరకుండానే ఆమె చనిపోతుంది. ఆ వేషం నాది. రిహార్సల్‌లో చనిపోవాల్సిన చోటుకు వచ్చేసరికి నాకు కళ్లు మూతపడలేదు. ఏమైందని అడిగారు.

“మా అమ్మ సచ్చిపోనేదు మేడమ్. నన్ను డోలీలోనే కన్నాది,” అన్నాను.

ఆవిడ గోడవైపు నుంచి ఇటు తిరిగారు. “చంపడం తేలికని చంపేశాను,” అన్నారు. మర్నాటికి ముగింపు మారింది. డోలీ దించగానే లోపల పసిబిడ్డ ఏడుస్తుంది.

ఇంతలో అతిథిగా రావలసిన ఒక పెద్దాయన, రోడ్డు లేదని చూపే ఆ నాటకం వద్దు, డాన్సులు పెట్టుకోమని కబురు పంపారు. వేస్తే బదిలీ తప్పదని తోటి లెక్చరర్లు మేడమ్‌ను హెచ్చరించారు. ఆవిడ మమ్మల్ని పిలిచి సంగతంతా దాచకుండా చెప్పారు. మాట పడటానికి తనున్నానని, మాకు భయమైతే మాత్రం మానేద్దామని అన్నారు. మాలో ఒక్కరూ మానేద్దామనలేదు.

నాటకం అయిపోయాక మా అమ్మ జనంలోంచి లేచి స్టేజీ దగ్గరికి వచ్చింది. మేడమ్ చెయ్యి పట్టుకుని, “నా బాద ఇంతమంది వింతారనుకోనేదమ్మా,” అంది. మేడమ్ అమ్మ చెయ్యి వదలకుండా అలాగే నిలబడిపోయారు.

వేసవి సెలవులు కాకముందే ఆవిడను చింతూరు పంపేశారు. ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అక్కడి పిల్లల చేతా నాటకాలు వేయించారు. చివరికి అరకు వచ్చి, ఇక్కడే రిటైరై ఉండిపోయారు. సొంతూరు వెళ్లరా అని అడిగితే, ఇక్కడ వినాల్సింది ఇంకా చాలా ఉందనేవారు. నేను ఈరోజు బడిలో తెలుగు చెబుతున్నానంటే, నా మాటను ఒకరు ఆగి విన్నారు కాబట్టే.

శనివారం ఆవిడను కాఫీ తోటల మధ్య నుంచి పైనున్న శ్మశానానికి మోసుకెళ్లాం. ఏయే ఏళ్లలోనో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లం, ఆడా మగా భుజాలు మార్చుకున్నాం. ముందురోజుల వానకు కాఫీ విరగబూసింది. దారి ఇరుకు కావడంతో కొమ్మలు మమ్మల్ని రాసుకుని పూలు రాలాయి. సాయంత్రం ఆవిడ వరండాలో కూర్చున్నాం. అందరి జుట్టులో, భుజాల మీద ఆ తెల్లటి పూలు అలాగే ఉన్నాయి. ఎవరూ దులుపుకోలేదు.