గొడుగు తాత, నాకు వెయ్యని కుర్చీ

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. రంగూన్‌లో ఉక్కపోత ఉండేది, కరెంటు ఉండేది కాదు, నాకు పందొమ్మిదేళ్ళు ఉండేవి. (ఇప్పుడు ఆ పందొమ్మిదేళ్ళు ఒక్కటే లేవు. మిగతావన్నీ అలాగే ఉన్నాయి.) పబేడాన్ పేటలో మిఠాయి దుకాణానికీ తాళాలు బాగుచేసేవాడికీ మధ్య ఇరుక్కున్న ఒక టైపు కొట్లో నేను అర్జీలు కొట్టేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళందరి ఫిర్యాదులూ నా వేళ్ళలోంచే పోయేవి గనక, ఫిర్యాదు చేయడమన్నది నాకు ఒంటబట్టిపోయింది. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. ముందు నుంచి తిరగేస్తే ఆకాశంలోకి వెళ్ళిన మనుషుల సంగతులు, వెనక నుంచి తిరగేస్తే నన్ను అవమానించిన మనుషుల సంగతులు. రెండూ ఎప్పుడో మధ్యలో కలుసుకుంటాయని తెలుసు. వెనకవైపు నుంచి వచ్చేవాళ్ళే తొందరగా నడుస్తున్నారు.

ముందువైపు ఉన్నవన్నీ పేవ్‌మెంటు మీద అమ్మే పాత పత్రికల్లోంచి కత్తిరించి అంటించినవి. కిందికి దించే ఏర్పాటేదీ లేకుండా పైకి పంపేసిన కుక్క ఒకటి ఉంది అందులో. దాని మొహం చూస్తే ఎందుకో నాకు నేనే గుర్తొచ్చేదాన్ని. అంతరిక్షంలోకి మొట్టమొదట వెళ్ళినాయన ఉన్నాడు. ఆయన దిగింది యంత్రంలో కాదు, అందులోంచి బయటికి దూకి, విడిగా పారాచూట్ మీద, ఒక పొలంలో. ఆయన్ను ముందు చూసింది మనవరాలిని వెంటబెట్టుకుని పని చేసుకుంటున్న ఒక పల్లెటూరి ఆవిడ. యంత్రంతో సహా దిగితేనే రికార్డు చెల్లుతుందని ఏదో నియమం ఉండడంతో, ఆయన విడిగా దిగిన సంగతిని ఆయన దేశమే ఏళ్ళ తరబడి దాచిపెట్టింది. ఇది చదివినప్పుడు నేను టైపు మిషను ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అంత గొప్పవాడు దిగిన తీరే ఒప్పుకోనివాళ్ళు మా తాతని నమ్ముతారా?

మా తాత వయసులో ఉన్నప్పుడు రంగూన్ నదికి అవతల మా దలాలో పడవ నడిపేవాడు. యుద్ధం రోజుల్లో జపానువాళ్ళు ఊరేలుతుండగా, ఒక పొద్దున్న విమానమొకటి పొగలు కక్కుకుంటూ పోయింది, వెనకాలే పారాచూట్ మీద ఒక మనిషి దిగాడు. "నాను అమ్మోరే దిగుతుందనుకున్నానే" అనేవాడు తాత. "తీరా సూస్తే ఎర్ర మొకమోడు. బూట్లతో సహా మోకాలి లోతు బురదలో దిగబడిపోయి, సేతులు రెండూ ఎత్తీసినాడు. నాకేల దండం ఎడతన్నాడో తెలక నానూ ఎత్తీసినాను." తాళ్ళు కత్తితో కోసి, పడవలో గడ్డి కింద పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు. గంజిలో ఙపి కలిపి పెడితే (కుళ్ళబెట్టి దంచిన చేపల ముద్ద, దాని వాసన తెలియని వాళ్ళు అదృష్టవంతులు) ఆ మనిషి విమానం కూలినప్పుడు కూడా పడనంత బాధ పడి కక్కుకున్నాడు. రెండు రోజులు దాచి, మూడో రోజు దారి తెలిసిన వాళ్ళకు అప్పగించాడు. అంతా బాగానే ఉంది. కానీ కథ ఇక్కడికి రాగానే ఎవరో ఒకరు అడిగేవారు: "జపానోళ్ళు ఇల్లిల్లూ ఎతుకుతుంటే ఆ రెండు దినాలూ ఏడ దాసినావు తాతా?" తాత చుట్ట ముట్టించుకునేవాడు. "దాసినాను. అంతే." ఇక నవ్వులు. ఆ పారాచూట్‌ను వెక్కిరిస్తూ మనవాళ్ళంతా ఆయనకు గొడుగు తాత అని పేరు పెట్టేశారు.

అందరికంటే గట్టిగా నవ్వేది సంఘం మావ. రంగూన్‌లో మన తెలుగువాళ్ళ సంఘానికి ఆయనే పెద్ద. యుద్ధం రోజుల్లో దలాలో మా ఇంటి పక్క ఇంట్లో పుట్టినవాడు. పెద్దయ్యాక నది ఇవతల సంచౌంగ్ పేటలో ఇల్లు కట్టుకున్నాడు. కుడి జబ్బకు వెండి తాయెత్తు, దాన్ని చూపించుకోవడానికే అన్నట్టు పొట్టి చేతుల చొక్కా. "యుద్దంలో దలాలో దిగినవి దోమలే, మనుసులు కావు" అనేవాడు. (నోటు పుస్తకం వెనకవైపు మొదటి పేజీ, మొదటి వరుస.)

ఆ ఏడు తాతకి దగ్గు పట్టుకుంది. వానలు దాటితే గొప్ప అన్నాడు డాక్టరు. తాత దానికి బెంగపెట్టుకోలేదు. "ఎల్లిపోయే లోగా ఒక్కరంటే ఒక్కరు, ఔన్రా నిజవే, అంటే సాలే" అన్నాడు. సరిగ్గా అప్పుడు సంఘానికి ఒక ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. సంఘం ఉత్తరాలు ఊరికే టైపు చేసిపెట్టేది నేనే కాబట్టి ముందు చదివింది నేనే. రాసినావిడ తండ్రి యుద్ధంలో విమానం నడిపాడట. రంగూన్ నదికి అవతల ఒక పడవవాడు తనను కాపాడాడనీ, రెండు రాత్రులు పొగ నిండిన చీకటి గదిలో పడుకున్నాననీ చెప్పేవాడట. అంతకు మించి ఎంత అడిగినా నోరు విప్పకుండానే పోయాడట. ఆవిడ యుద్ధ సమాధులు చూడ్డానికి వస్తోంది, మా వాళ్ళనూ కలుస్తానంటోంది. తన తండ్రి పారాచూట్ మూలన సిరాతో ఆయన నంబరు ఉండేది, ఆ ముక్క ఎవరి దగ్గరైనా మిగిలుంటే ఆ ఇల్లేదో తనకు తెలిసిపోతుంది, అని రాసింది.

మావ జవాబు చెప్పాడు, నేను టైపు చేశాను. "తమరు రావాలి. తమ తండ్రిగారిని మా సంఘమే కాపాడింది."

"మావా, అప్పటికి సంఘం ఎక్కడిది? మీకే అప్పటికి పళ్ళు రాలేదు."

"టైపు సెయ్యే గుంటా. మిషను మాటాడతాదేటి?"

(రెండో పేజీ, మొత్తం.)

ఇంటికి పోయి నాన్నమ్మను పట్టుకున్నాను. ఆ పారాచూట్ గుడ్డ ఏమైంది? యుద్ధంలో ఊరంతా గోనె కట్టుకు తిరుగుతుంటే ఇంటికి అంత పట్టు వస్తే ఎవరైనా ఏం చేస్తారు? మా నాన్నమ్మ అమ్మవారికి ఇచ్చేసింది. తెల్లగుడ్డ అమ్మవారికి కట్టకూడదు కాబట్టి పసుపులో ముంచి మరీ ఇచ్చింది. మా వాళ్ళలో ఒక అలవాటు ఉంది: అమ్మవారు ఏడాది కట్టిన చీరను మళ్ళీ జాతరకు పీలికలు చేసి, పిల్లలున్న ప్రతి ఇంటికీ పంచుతారు, ఉయ్యాలకో మణికట్టుకో కట్టుకుంటారు. "గాల్లోంచి పడ్డోణ్ణే బతికించినాది, మన పిల్లల్ని బతికించదేటి?" అంది నాన్నమ్మ. అలా ఒక యుద్ధ విమాన చోదకుడి పారాచూట్ రంగూన్‌లో తెలుగు ఉయ్యాలలన్నిటికీ వేలాడింది.

పది రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మణికట్టు పీలికలు ఎవరి దగ్గర ఉంటాయి, యాభై ఏళ్ళ తర్వాత? అయినా లేవని చెబితే బాగుండదని చేతికందిన పసుపు గుడ్డ ప్రతిదీ నా సంచిలో వేశారు. సంచౌంగ్‌లో ఒకావిడైతే ఇవ్వనే ఇవ్వలేదు. "అమ్మోరి గుడ్డ నీకిచ్చీసి, రేప్పొద్దున మా సంటిదానికి జొరమొస్తే నువ్వొస్తావేటి మందేయడానికి?" మూడు సంచుల నిండా పీలికలు మోసుకుంటూ పడవలో నది దాటి ఇంటికి వచ్చి నేల మీద బోర్లించాను. నాన్నమ్మ వాటిని చూసి, నన్ను చూసి, మళ్ళీ వాటిని చూసింది.

"సిరా మరకున్న మూలెతుకుతున్నావా? అది అమ్మోరికెలగ కడతానే? మొదటే కత్తిరించీసినాను."

"ఈ మాట పది రోజుల కిందట చెప్పొచ్చుగా!"

"నువ్వడిగినావేటి?"

అప్పుడు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, యాభై ఏళ్ళుగా తాత మింగుతున్న మాట చెప్పింది. జపాను సోల్జర్లు వీధి మొదట్లోకి వచ్చేసరికి దాచడానికి చోటే లేదు. పక్కింటావిడ ప్రసవించి వారమైంది. నాన్నమ్మ ఆ విమానం మనిషికి తన కోక చుట్టి, మొహాన బర్మా ఆడవాళ్ళు పూసుకునే తనకా గంధం పట్టించి (మీసం మీద రెండు పూతలు), నెత్తిన ముసుగేసి, కుంపటి రాజేసి పొగ పెట్టి, బాలింతగా మంచం మీద పడుకోబెట్టింది. పక్కింటి పసిగుడ్డును తెచ్చి ఆ మనిషి పక్కలో పెట్టింది. సోల్జర్లు పురిటి గదిలోకి తొంగిచూసి, సిగ్గుపడి, తలుపు వేసి మరీ వెళ్ళిపోయారు. ఆ పసిగుడ్డుకు దిష్టి తగలకూడదని, సిరా మరకున్న మూలను మడిచి వెండి తాయెత్తులో పెట్టి కట్టారు.

ఆ పసిగుడ్డు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది, అర్థమయ్యాక పడవల రేవు దాకా పరిగెత్తడానికి సేపు పట్టలేదు. రేవులో తాత పడవ తాడు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏడికే?"

"మావ జబ్బ మీదే ఉంది తాతా సాక్ష్యం! నలుగురిలో విప్పిస్తాను. తెల్లోడి పక్కలో పడుకున్న బిడ్డ ఇతనేనని అరిచి చెప్తాను."

"కూకో." దగ్గు ఆగేదాకా ఆగాడు. "ఆడికి తాయెత్తిప్పితే పోతానని బయ్యం. యాబై ఏళ్ళు దాని మీదే బతికినాడు. ఏడ దాసినానో సెప్తే నలుగురూ దాన్నిప్పించీస్తారు. ఇప్పీకు."

"నిన్ను అబద్ధాలకోరు అంటున్నాడు తాతా!"

"అననీ. ఆ దినం ఆడు ఏడిసుంటే సోల్జర్లు లోనికొచ్చీసేవోళ్ళు. నాను, మీ నాన్నమ్మ, ఆ తెల్లోడు, అందరం పోయేవోళ్ళం. ఆడు ఏడవనేదే. నిద్రోయినాడు. ఆడు నాకు సేసిన మేలు అది. ఆడి పేరు ఎవుల దగ్గరా ఎత్తనని నాకు మాటియ్యి."

ఇచ్చాను. ఇచ్చిన మాటను కూడా నోటు పుస్తకంలోనే రాసుకున్నాను, ఏ వైపు రాయాలో తెలియక మధ్యలో.

ఇక మిగిలింది ఒక్కటే దారి. తాత తన నోటితో ఆవిడకు చెప్పాలి, నేను ఇంగ్లీషులోకి మార్చాలి. ఙపి సంగతి, పొగ గది సంగతి వింటే చాలు, ఆవిడ పోల్చుకుంటుంది. పెద్దవాళ్ళలో ఇంగ్లీషు చదవగలిగేవాళ్ళున్నారు గానీ మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే. ఆ రోజు రానే వచ్చింది. సంఘం హాల్లో ముందు వరుసలో కమిటీకి కుర్చీలు, మధ్యలో అతిథికి దిండున్న కుర్చీ, వెనక గోడ దగ్గర తాతకు ఒక ప్లాస్టిక్ స్టూలు. నాకు ఏమీ లేదు. అడిగాను.

"నీకేటి కుర్చీ?" అన్నాడు మావ, అందరి ముందు. "టైపు మిషనుకి కుర్చీ ఏస్తారేటి? నిలబడి సెప్పు."

ఇప్పుడు మీరు అనుకుంటున్నదే అప్పుడు నేను అనుకుని ఉండాల్సింది. నిలబడితే ఏం పోయేది? ఒక గంట. కానీ నాకు పందొమ్మిదేళ్ళని ముందే చెప్పాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వచ్చి బతిమాలతారు, కుర్చీ తెస్తారు, అప్పుడు వెళ్దాం అని. లోపల మావ ఇంగ్లీషు ఉపన్యాసం చదివాడు (టైపు చేసింది నేను). చప్పట్లు వినిపించాయి. కప్పులు, సాసర్లు వినిపించాయి. నన్ను బతిమాలడానికి ఎవరూ రాలేదు. ఆ పత్రికలోని కుక్కను తలుచుకున్నాను. దాన్ని ఎవరో ఎక్కించారు, పాపం. నేను నా అంతట నేనే ఎక్కాను.

చివరికి అతిథి బయటికి వచ్చింది, నన్ను చూసి నవ్వింది, కారెక్కి వెళ్ళిపోయింది. వెనకాల తాత వచ్చాడు, చేతిలో బిస్కత్తుల డబ్బా. మొహం వెలిగిపోతోంది.

"అందరూ పోటోలు దిగుతుంటే ఆ తల్లి నా కాడికొచ్చి కూకుందే. అంతా సెప్పీసినాను. బురద, గంజి, కోక, కుంపటి, అంతా."

"బిడ్డ సంగతి?"

"అదీ సెప్పీసినాను. ఎవులి బిడ్డో కూడా."

"తాతా! ఆవిడకు తెలుగు రాదు!"

"రాదు గదా, అందుకే సెప్పినాను" అన్నాడు తాత. "సెప్పినంత సేపూ నా సెయ్యట్టుకుని ఒగ్గనేదే."

తాత వానలు దాటలేదు. ఆ కోపంలో ఆవిడకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. సంఘం అప్పటికి పుట్టనే లేదని, మావ ఎలాంటివాడని, ఉపన్యాసం ఎవరు టైపు చేశారని, ముఖ్యంగా కుర్చీ గురించి, వరుసలు, దిండు, ప్లాస్టిక్ స్టూలుతో సహా, అర్జీ రాసినట్టు అంశాలవారీగా రాశాను. పోస్టు చేసిన వారానికి గుర్తొచ్చింది, ఙపి గురించీ, పొగ గది గురించీ ఒక్క ముక్క రాయలేదని. రెండు నెలలకు జవాబు వచ్చింది. కుర్చీ విషయంలో జరిగినదానికి తాను ఎంతో విచారిస్తున్నట్టు రాసింది. తన చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడిన ఆ పెద్దాయన బాగున్నారా, ఆయన ఏం చెప్పారో తెలుసుకోవాలని ఉంది, అని కింద రెండు వరుసలు.

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాయాలంటే ఆ బిడ్డ ఎవరో కూడా రాయాలి. బిడ్డ లేకుండా ఆ గది లేదు, గది లేకుండా కథ లేదు. తాతకు మాటిచ్చాను. మావ పోయాక రాద్దామని ఆగాను. ఆగుతూనే ఉన్నాను. మావకు ఎనభై దాటాయి, కాలు జారి రేవులో పడ్డాడు, రెండుసార్లు ఆస్పత్రిలో చేరాడు, ఊళ్ళో వచ్చిన ప్రతి జ్వరమూ ఆయన్ను పలకరించి పోయింది. ఏమీ కాలేదు. ఆ తాయెత్తు అంత బాగా పనిచేస్తుందని అందులో గుడ్డ నేసినవాళ్ళు కూడా అనుకుని ఉండరు. ఆవిడే లేదేమో ఇప్పుడు.

ఈ మధ్య సంఘంలో ఏం జరిగినా ముందు వరుసలో నాకు కుర్చీ వేస్తున్నారు, నోటు పుస్తకంలోకి ఎక్కుతామన్న భయంతో. నేను అందులో సంచి పెట్టి, గోడ దగ్గరి ముసలివాళ్ళ పక్కన నిలబడతాను. వాళ్ళు చెప్పేది పిల్లలకు బర్మాలో, వచ్చినవాళ్ళకు ఇంగ్లీషులో, ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాను. మొన్న మావ కర్ర పోటేసుకుంటూ వచ్చి నోటు పుస్తకం వైపు చూశాడు. "ఏటే, ఇంకా రాస్తనే ఉన్నావా? నా గురించేనా?" అన్నాడు. ఔను మావా, అన్నాను. ఆయన బళ్ళో చదివింది బర్మా, ఇంగ్లీషు, ఎలాగూ తెలుగు చదవడం రాదు. అందుకే ఇదంతా తెలుగులో రాసేశాను.