తొంభై తొమ్మిది డిగ్రీలు

1982 జనవరి 11, ఉదయం 10:40. మినెసోటాలోని అమెరికా సైన్యపు శీతాకాల శిక్షణ శిబిరం దగ్గర ట్రక్కు దిగాను. సున్నాకి కింద పద్దెనిమిది డిగ్రీలు. మోకాలిలోతు మంచు. వీపున మందుల సంచి, జేబులో పాదరసం థర్మామీటర్. మా దళంలో జబ్బులూ గాయాలూ చూసే మెడిక్‌ని నేను.

దళంలో ఉన్న మరో తెలుగువాడు రేడియో ఆపరేటర్. ఇరవయ్యేళ్లు. చిన్నప్పుడే గుంటూరు నుంచి న్యూజెర్సీలోని పార్సిప్పనీ వచ్చినవాడు. నన్ను అన్నా అనేవాడు.

14న ఉదయం ఆరింటికి నా గుడారానికి వచ్చాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

“నిన్న లంచ్ దాకా బానే ఉన్నా అన్నా. సడన్‌గా పడేసింది. ఒళ్లంతా ఎవరో కొట్టినట్టుంది.”

“జలుబేమోరా.”

“జలుబైతే ముక్కు కారాలిగా. మెడిక్ నువ్వా, నేనా?”

పొడిదగ్గు, తలనొప్పి, వణుకు. జ్వరం 103. ఫ్లూ అని నాకు తెలుసు. మా నియమం ఒకటే: వంద దాటితే మంచం, లోపుంటే డ్యూటీ. కానీ మూడు రోజుల విన్యాసం ఆ ఉదయమే మొదలు. “రేడియో మనిషి ఒక్కడే ఉన్నాడు. వాణ్ని మాత్రం మంచమెక్కించకు” అని సార్జెంట్ ముందురోజే చెప్పాడు. ఆయన మెప్పు నాకు కావాలి.

రెండు జ్వరం మాత్రలిచ్చాను. స్టవ్ పక్కన కూర్చోబెట్టాను. గంట ఆగి మళ్లీ చూశాను. 99. మొదటి అంకె రోగుల పుస్తకంలో ఎక్కించలేదు. రెండోదే రాశాను.

“మ్యాజిక్ చేశావన్నా,” అంటూ లేచాడు. మిగతా మాత్రలు వాడి జేబులో వేశాను.

జ్వరం మన శత్రువు కాదు. లోపల ఒళ్లు పోరాడుతోందనడానికి గుర్తు. పని ఆపి పడుకోమని చెప్పే మాట. మాత్ర వేడిని దించుతుంది, జబ్బుని కాదు. ఇదంతా చదివి పరీక్ష పాసైనవాణ్ణే నేను.

16న మధ్యాహ్నం 1:10. శిబిరం రేడియోలో వాడి గొంతు, తానున్న చోటు మ్యాప్ అంకెల్లో చెబుతున్నాడు. అంకెకీ అంకెకీ మధ్య ఆయాసం.

“ఏమైందిరా?” అన్నాను.

“ఏం లేదన్నా. మాత్ర... వేసుకున్నా. ఊపిరే... అందట్లేదు.”

జీపులో ఇరవై నిమిషాలు. వెళ్లేసరికి పెదవులు నీలం. 2:15కి హెలికాప్టర్. ఫ్లూ వెనకాలే న్యుమోనియా వచ్చిందన్నారు. 18న ఆస్పత్రిలో పోయాడు.

మార్చిలో డ్యూటీ ముగిసింది. ఇంటికి పోకుండా నేరుగా పార్సిప్పనీ వెళ్లాను. తెలుగు చర్చిలో ప్రార్థన అయ్యాక వాళ్లమ్మ నా పక్కన కూర్చుంది.

“జ్వరం చూశావా నాయనా?”

“చూశానండీ. తొంభై తొమ్మిదే ఉంది.”

“అంతే ఉంటే నీకు మాత్రం ఏం తెలుస్తుందిలే,” అని నా చెయ్యి నిమిరింది.

మాత్రల సంగతి ఆమె బతికున్నంతకాలం చెప్పలేకపోయాను.

ఇప్పటికీ కళ్లముందు ఆ స్టవ్ పక్క చోటే. నాలుక కింద థర్మామీటర్‌తో వాడు నవ్వుతుంటాడు. నేను గడియారం చూసుకుంటూ, వాడి జ్వరం దిగడం కోసం కాచుకుని ఉంటాను.