బూడిద రంగు సిలిండర్

2021 ఏప్రిల్ చివరి వారం, కరోనా రెండో వేవ్. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఉన్న ఒక చిన్న ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో క్వాలిటీ ఇంజనీరుగా చేరి మూడేళ్లయింది. మా యూనిట్‌లో రాకెట్లలో వాడే వాల్వులు తయారవుతాయి. నా పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు: కొలవడం, లీక్ టెస్ట్ చేయడం, సంతకం పెట్టడం. లీక్ టెస్ట్ అంటే వాల్వులోకి ఎక్కువ ఒత్తిడితో గ్యాస్ పంపి, వెంట్రుకవాసి సందులోంచైనా బయటికి వస్తోందేమో చూడటం. దానికి నైట్రోజన్ వాడతాం. అది మండదు, దేన్నీ మండనివ్వదు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. కానీ ఒట్టి నైట్రోజన్ పీలిస్తే మనిషికి ఉక్కిరిబిక్కిరైనట్టు కూడా తెలియదు. ముందు స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మాకు ఈ మాట చెబుతారు.

ఆ వారం ఫ్యాక్టరీలకు ఆక్సిజన్ ఆపి మొత్తం ఆసుపత్రులకు మళ్లించారు. మా గ్యాస్ కటింగ్ టార్చికి వాడే ఆక్సిజన్ సిలిండర్లనూ తిరిగి పంపేశాం. నైట్రోజన్ మాత్రం వస్తూనే ఉంది. ట్రాలీ ఆటోలో వచ్చిన సిలిండర్లను వెనక గేటు దగ్గర దించేవారు. గేటు ఎదురుగానే బస్తీ. ఒక సిలిండర్ కోసం ఊరంతా తిరుగుతున్న మనుషుల కళ్ల ముందే అవి లోపలికి పోతుండేవి.

ఒక మధ్యాహ్నం మల్లేశ్ ముందు గేటు దగ్గరికి వచ్చాడు. మా ప్రహరీకి సున్నం వేసింది అతనే, అందుకే నాకు తెలుసు. వెంట అతని బామ్మర్ది శీను ఉన్నాడు, వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు.

"మా ఇంటామెకు దమ్ము ఆడుతలేదు సార్," అన్నాడు మల్లేశ్. "వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ ఎనభై రెండే అన్నరు. దవాఖానలల్ల జాగ లేదంటున్నరు. ఒక్క సిలిండర్ ఇయ్యిండ్రి."

"మా దగ్గర ఆక్సిజన్ లేదు మల్లేశ్. ఉంటే ఇచ్చేవాణ్ణి."

"పొద్దున ఆటోల కెల్లి దిగినయేంది మరి, సోడా బుడ్లా?" అన్నాడు శీను.

"అది నైట్రోజన్. పీల్చే గ్యాస్ కాదు."

"రాకెట్టుకైతే దొరుకుతది, మా అక్కకు దొరకది. చంద్రుని మీద ఎవడున్నడు సార్ దమ్ము ఆడక సచ్చెటోడు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. మొత్తం బడ్జెట్‌లో అంతరిక్షానికి పోయేది చాలా చిన్న వాటా, తుపాను హెచ్చరికలు ఆ ఉపగ్రహాల వల్లే వస్తాయి, వగైరా. కాలేజీ డిబేట్‌లో ఆ పాయింట్లతో గెలిచాను కూడా. గేటు దగ్గర వాటిని పక్కనపెట్టి, వ్యాన్ పంపిస్తాను, ఆసుపత్రికి తీసుకెళ్దాం అని చెప్పి లోపలికి వెళ్లాను. 108కి పావుగంట సేపు ఫోన్ చేసినా లైన్ కలవలేదు. మా వ్యాన్ డెలివరీకి బేగంపేట వెళ్లింది. వెంటనే వెనక్కి రమ్మని డ్రైవర్‌కు చెప్పాను.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. అప్పుడే మా లేత్ ఆపరేటర్ డేనియల్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఒక సిలిండర్ లేదు. వెనక గేటు తీసి ఉంది."

వెనక గేటుకు పరుగెత్తాను. మట్టిలో సిలిండర్ దొర్లించిన గీత బస్తీ వైపు పోతోంది. ఇద్దరం దాని వెంట పరుగెత్తాం. మనసులో ఒకటే లెక్క: సిలిండర్ తెరిచే తాళంచెవి వాళ్ల దగ్గర ఉండదు, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ ఉండదు, మాస్కు ఉండదు. నాలుగో ఇల్లు దాటాక గుర్తొచ్చింది, శీను వెల్డర్. మొదటి రెండూ అతని దగ్గర ఉంటాయి. మాస్కు ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది.

గీత ఒక రేకుల ఇంటి ముందు ఆగింది. లోపల మంచం మీద మల్లేశ్ భార్య స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పక్కన మల్లేశ్. నోరు తెరుచుకుని భుజాలతో ఊపిరి లాగుతోంది. సిలిండర్ తలుపు పక్కనే ఉంది. రెగ్యులేటర్ బిగించారు, పైపు తగిలించారు. మాస్కు శీను చేతిలో ఉంది. గ్యాస్ సన్నగా బుసకొడుతోంది.

"శీనూ, ఆగు. అది పెడితే మీ అక్క చనిపోతుంది."

"వచ్చిండ్రా, మీ రాకెట్ సామాను ఎత్తుకపోనీకె?" నా వైపు చూడలేదు. "నేను రోజూ వాడెటోన్నే. నా రెగ్యులేటర్ దీనికి సక్కగ కూసుంది. ఆక్సిజన్ కాకుంటే కూసుంటదా?"

"రెండింటికీ బిగించే మర ఒకటే. రంగు చూడు, ఆక్సిజన్ సిలిండర్ నల్లగా ఉంటుంది, ఇది బూడిద రంగు."

"ఎండకు ఎలిసింది."

నిజంగానే వెలిసింది. ఆ రంగుతో ఎవరినీ ఒప్పించలేను. దేవుడి పటం దగ్గర వెలుగుతున్న అగరుబత్తి తీసి పైపు ముందు పెట్టాను. నిప్పు ఆరిపోయింది.

"ఊదితె ఆరదా?" అన్నాడు శీను. "నేను ఊదినా ఆరుతది."

అతను అన్నది సరైన మాటే. పక్కన పోల్చి చూడటానికి ఏమీ లేని టెస్ట్ దేన్నీ రుజువు చేయదు. నా వృత్తిలో మొదటి పాఠం అది. మల్లేశ్‌ను రెండు స్టీలు చెంబులు అడిగాను. భార్య ఊపిరి అందక కొట్టుకుంటుంటే చెంబులు అడిగే మనిషిని ఎలా చూడాలో అలాగే చూశాడు. కానీ ఇచ్చాడు. ఇంకో అగరుబత్తి వెలిగించి ఖాళీ చెంబులోకి దించాను. పొగ పైకి వస్తోంది, నిప్పు వెలుగుతోంది. రెండో చెంబు అడుగుకు పైపు పెట్టి గ్యాస్ నింపి, పైపు తీసేసి, అదే అగరుబత్తి దించాను. వేలితో నొక్కినట్టు ఆరిపోయింది.

"ఆక్సిజనైతే నిప్పు ఇంకా రాజుకునేది," అన్నాను. డేనియల్ అగరుబత్తి మళ్లీ వెలిగించాడు.

"మల్ల చెయ్యి," అంది స్వరూప. ఆ రెండు మాటలకే ఆయాసపడింది.

మళ్లీ చేశాను. ఖాళీ చెంబులో వెలిగింది, గ్యాస్ చెంబులో ఆరింది. ఆమె తమ్ముడి వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. శీను రెగ్యులేటర్ కట్టేసి, మాస్కు కింద పెట్టి, గడప మీద కూలబడ్డాడు.

"నా చేత్తోనే," అన్నాడు. మాస్కును కాలితో దూరంగా తోశాడు.

వ్యాన్ వచ్చేదాకా ఆమెను ముందుకు వంచి కూర్చోబెట్టి, కిటికీ తలుపులు తీసి ఉంచాం. మొదటి ఆసుపత్రిలో లోపలికే రానివ్వలేదు. రెండోది ప్రభుత్వ ఆసుపత్రి, వరండాలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఆక్సిజన్ పైపు దొరికేసరికి సాయంత్రమైంది. అంతసేపూ మల్లేశ్ ఆమె పొట్ట వైపే చూస్తూ నిలబడ్డాడు, ఊపిరికి అది కదులుతోందా లేదా అని. నేనూ అదే చూస్తున్నాను.

స్వరూప బతికింది. రెండు నెలల తర్వాత నేనూ డేనియల్ బస్తీకి వెళ్లి, మా ఫ్యాక్టరీకి వచ్చే సిలిండర్లలో ఏముంటుందో, ఏది ప్రమాదమో అందరికీ చూపించాం. శీను పక్కన నిలబడి మా కంటే గట్టిగా చెప్పాడు. అంతా అయ్యాక స్వరూప నన్ను పిలిచింది.

"రాకెట్ల మనుషులను సుత పంపుతరంట గద సార్. పైన గాలి ఉండదు. వాళ్లెట్ల పీలుస్తరు?"

"వెంట తీసుకెళ్తారు."

"సరిపోకుంటే?"

"సరిపోకపోవడం ఉండదు. ఒక మనిషికి రోజుకు ఎంత కావాలో ముందే లెక్కగడతారు. తిరిగి రావడం ఆలస్యమైతే ఎలా అని ఇంకొంత కలుపుతారు. ఆ డబ్బు మంజూరయ్యాకే మిగతా పని."

"అంటే ఒక మనిషికి ఎంత గాలి గావాల్నో సర్కారుకు ఎరికేనన్నమాట," అంది.

ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. అందుకే నాకు భయమేసింది. నేను ఇప్పటికీ వాల్వుల మీద సంతకాలు పెడుతున్నాను, ఆ పని అవసరమనే నమ్ముతున్నాను. రాకెట్లు ఆపేస్తే ఆ డబ్బు స్వరూప మంచం దాకా వచ్చేదని ఇప్పుడూ అనుకోవడం లేదు. కానీ డిబేట్‌లో గెలిపించిన ఆ పాయింట్లను ఆ తర్వాత ఎవరి ముందూ చెప్పలేదు. అవన్నీ నిజమే అయినా, గేటు ఎదుటి బస్తీలో ఒక మనిషి గాలి లేక చావు దాకా వెళ్లడం నేను కళ్లారా చూశాను.